పాత బుల్లెట్ గేర్‌బాక్స్: విప్పే ముందు వినండి

ఒక్క కిలోమీటరుకు దాదాపు 1,170 చుట్లు. పాత బుల్లెట్ 350 టాప్ గేర్లో పోతుంటే లోపల మెయిన్‌షాఫ్ట్ తిరిగే లెక్క అది. 3.25–19 వెనక టైరు చుట్టుకొలత దాదాపు 2.035 మీటర్లు కాబట్టి చక్రం కిలోమీటరుకు 491 సార్లు తిరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌కు 38 పళ్లు, గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కు 16 ఉన్నాయనుకుంటే 38ని 16తో భాగించి, వచ్చిన 2.375తో ఆ 491ని హెచ్చవేయండి. మీ బండి పళ్లు లెక్కపెట్టి అంకెలు మార్చుకోండి. ఈ లెక్కన 10,000 కిలోమీటర్లకు దాదాపు కోటీ 17 లక్షల చుట్లు! అన్ని చుట్లు తిరిగే ఇనుముకు రక్షణ లోపలున్న ఆ కాస్త ఆయిలే.

1955లో మద్రాసులో ఈ బండిని తయారుచేసిన ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఆ తరవాత దశాబ్దాల పాటు ఈ బండికి ఆల్బియన్ రకం 4 గేర్ల బాక్సే ఉండేది. కుడికాలితో ఫస్ట్ పైకి, మిగతా మూడూ కిందికి.

నాలుగో గేరు నిష్పత్తి 1:1. అందులో మెయిన్‌షాఫ్ట్, గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌ను తిప్పే స్లీవ్ గేరు ఒకటిగా లాక్ అవుతాయి. మెయిన్‌షాఫ్ట్‌కు సమాంతరంగా ఉండే లేషాఫ్ట్ మీద బరువు పడదు. మొదటి మూడు గేర్లలో మాత్రం బలమంతా లేషాఫ్ట్ మీదుగానే వెళ్లాలి. అందుకే 1, 2, 3లో గుర్రుమని, 4లో సద్దుమణిగితే తప్పు లేషాఫ్ట్ వైపే వెతకాలి. న్యూట్రల్లో మోగుతూ, క్లచ్ పట్టగానే ఆగిపోతే ముందు మెయిన్‌షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించండి. క్లచ్ పట్టినప్పుడే మోగితే అది క్లచ్ గొడవ. గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. ఈ మూడూ వినడానికి స్పానర్‌తో పని లేదు. వినకుండానే బాక్స్ విప్పే మెకానిక్‌కు బండి ఇవ్వకపోవడమే మేలు.

గేరు జారిపోతుంటే రెండు కారణాలు చూడాలి. గేరు కదలికను ఆపే స్టాపర్ ప్లేటు సర్దుబాటు తప్పిందేమో ముందు చూడండి. అది చిన్న పని. అది సరిగానే ఉంటే గేర్ల పక్కనుండి ఒకదాన్నొకటి పట్టుకునే డాగ్‌ల అంచులు గుండ్రంగా అరిగి ఉండొచ్చు. అంచు పదునుగా, నిటారుగా ఉండాలి. గోరు పెట్టి గీస్తే ఆగాలి, జారకూడదు. అరిగినవాటిని జతగానే మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుంది.

ఆయిల్ మార్చేటప్పుడు బండిని కాసేపు నడిపి, వేడిగా ఉన్నప్పుడే దించండి. పాత ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి చూడండి. బూడిదరంగు సన్నపొడి మామూలే. వేళ్ల మధ్య గరగరలాడే ముక్కలుంటే మాత్రం బాక్స్ విప్పక తప్పదు. కొత్తగా పోసేది 90 గ్రేడ్, జీఎల్-4 ఆయిల్ అయితే మంచిది. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు కంచు బుష్‌లను తినే ప్రమాదం ఉంది. కారుతోందని గట్టి గ్రీజు కూరొద్దు. గేర్లు దాన్ని గోడలకు విసిరేస్తాయి, అది మళ్లీ పళ్ల మీదికి రాదు. లెవెల్ గుర్తు దాటి కూడా పోయకండి.

ఇంజన్ నుంచి క్లచ్‌కు బలం అందించే ప్రైమరీ చైన్‌ను కూడా చూసుకోండి. అది బాగా బిగుతుగా ఉన్నచోట 6 మిల్లీమీటర్ల వదులు ఉంచండి. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటరు రీడింగు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.