సలేశ్వరం నడకకు సంచి తేలిగ్గా సర్దండి!

చైత్ర పౌర్ణమి దగ్గరపడితే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్లల్లో సలేశ్వరం లింగమయ్య జాతర మాటలే. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉందీ చోటు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఏడాదిలో కొద్ది రోజులే దారి తెరుస్తారు. బండి దిగాక కొన్ని కిలోమీటర్లు రాళ్లల్లో నడిచి లోయలోకి దిగాలి. దిగినంతా మళ్లీ ఎక్కాలి, అదీ మండుటెండలో!

మరి సంచి మోసేదెవరు? అందరి తిండీ, బట్టలూ, పూజ సామానూ చివరికి మీ భుజానికే కదా! అందుకే ముందురోజే ఈ పని చేయండి.

సంచి తూచండి: సర్దిన సంచి మీ బరువులో పదో వంతు దాటకపోతే మంచిది. మీరు 60 కిలోలుంటే సంచి 6 కిలోలు.

ఇవి తీసేయండి: స్టీలు టిఫిన్ క్యారియర్ వద్దు, రొట్టెలు గుడ్డలో చుట్టండి. మందపు టర్కీ తువ్వాలుకు బదులు పలుచని నూలు తువ్వాలు చాలు. తొందరగా ఆరుతుంది, తలకూ చుట్టుకోవచ్చు. మనిషికో కొబ్బరికాయ ఎందుకు? ఇంటిల్లిపాదికీ ఒక్కటి చాలదూ! మిగతా బట్టలు బండిలోనే ఉంచండి.

తిండి: పెరుగన్నం బరువు, ఎండకు పులుస్తుంది కూడా. గలగలలాడే జొన్నరొట్టెలు, పల్లీల పొడి, సత్తుపిండి, బెల్లం పెట్టుకోండి. తడి ఉండదు కనుక తేలిక. పాడవవు, ఓపికనూ ఇస్తాయి.

నీళ్లు మాత్రం తగ్గించొద్దు: లీటరు నీళ్లంటే కిలో బరువే. అందుకని చాలామంది ముందు నీళ్లకే కోత పెడతారు. అది ప్రాణం మీదకు తెస్తుంది. పెద్దవాళ్లకు తలా రెండు లీటర్లన్నా ఉండాలి. తాగేకొద్దీ బరువు ఎలాగూ తగ్గుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వేసుకోండి. అవి లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి అనిపిస్తే నీడన కూర్చోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, కొంచెం కొంచెంగా తాగించండి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే వైద్యం అందేలా చూడండి.

సర్దే తీరు: రెండు భుజాలకు తగిలించుకునే సంచే మేలు. నీళ్ల సీసాల వంటి బరువైనవి వీపుకు ఆనుకునేలా పెట్టండి. ఒక్క భుజానికి వేలాడే సంచి మెడ లాగేస్తుంది.

బరువు పంచండి: పదేళ్ల పిల్లలు తమ నీళ్లు తామే మోయగలరు. మీవారికీ ఓ సంచి ఇవ్వండి, మొహమాటపడకండి! అన్నీ మీరే మోసి దారిలో మీరే కూలబడితే ఇల్లంతా ఆగిపోదూ?

అడవిలో నిప్పు రాజేయొద్దు. ఖాళీ సీసాలు, కవర్లు అక్కడ పారేయకుండా వెంట తెచ్చుకోండి. అవేమంత బరువు కావు!