ధ్వనికి ఆరు రెట్ల వేగం: గాలిలో దీపం నిలిచేనా?
హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో ఐదారు గంటల ప్రయాణం. సెకనుకు రెండు కిలోమీటర్లు దూసుకుపోయే క్షిపణికి అది రెండు నిమిషాల పైచిలుకు పని. ఇలా ధ్వని వేగానికి ఐదు రెట్లు దాటిపోయే అస్త్రాలనే హైపర్‌సోనిక్ క్షిపణులంటారు. వీటిని రూపొందించే పనిలో హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలు ముందుండడం తెలుగువారికి గర్వకారణం.

అయితే విశేషం వేగమొక్కటే కాదు. ‘అగ్ని’ వంటి క్షిపణులూ అంత వేగాన్ని అందుకుంటాయి. కాని అవి విసిరిన రాయిలా పైకిపోయి కిందికి దిగుతాయి గనుక, ఎక్కడ పడేదీ శత్రువు చాలావరకు లెక్క కట్టగలడు. కొత్త రకం క్షిపణి అంతకంటె తక్కువ ఎత్తున పోతూ, దారిలో మలుపులు తిరుగుతుంది. దానిని పసిగట్టి అడ్డుకోవడానికి ఎదుటివారికి చిక్కే వ్యవధి బహు స్వల్పం.

1,500 కిలోమీటర్లకు మించి పోగల ఇటువంటి క్షిపణిని 2024 నవంబరు 16న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి పరీక్షించారు. చివరి దశలో అది మలుపులు తిరిగి గురిని చేరిందని రక్షణ శాఖ ప్రకటించింది.

ఈ కోవలో మరో ప్రయత్నం స్క్రామ్‌జెట్ ఇంజను. రాకెట్టు తన ఇంధనంతోపాటు దానిని మండించే ప్రాణవాయువునూ మోసుకుపోవాలి. స్క్రామ్‌జెట్ దానిని దారిలోని గాలి నుంచే తీసుకుంటుంది. అందువల్ల బరువు తగ్గుతుంది. చిక్కల్లా మంటను నిలపడంలోనే ఉంది. ఇంజను లోపల గాలి ధ్వనిని మించిన వేగంతో పరుగెడుతుంది. గాలిలో దీపం పెట్టి ‘దేవుడా, నీ మహిమ’ అంటే ఇక్కడ కుదరదు.

2020 సెప్టెంబరు 7న 30 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి ఆరు రెట్ల వేగంలో ఆ మంట 20 సెకన్లకు పైగా నిలిచింది. 2025 జనవరిలో హైదరాబాదులో నేలమీద జరిపిన పరీక్షలో 120 సెకన్లు వెలిగింది. అదే ఏడాది ఏప్రిల్ 25న 1,000 సెకన్లు దాటింది. అంటే పదహారు నిమిషాల పైమాటే.

పొలంలోని ఆయిల్ ఇంజనును నీళ్లు చల్లబరుస్తాయి కదా. ఇక్కడ ఆ పని ఇంధనమే చేస్తుంది. ముందు ఇంజను వేడిని పీల్చుకొని, ఆ తర్వాత మండుతుంది. లోపల ఉక్కు కరిగే వేడిమిని సైతం తట్టుకొనే పింగాణీ పూత ఉంటుంది.

కాగా, 2025లో నెగ్గిన ఆ రెండు పరీక్షలూ చిన్న నమూనాతో, నేలమీద జరిగినవన్నది మరువరాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఏ దేశమూ వెనుకబడదు. తన ‘కింజాల్’ క్షిపణిని ఎవరూ ఆపలేరని 2018లో రష్యా చాటింది. 2023 మే 4న కీవ్ నగరం మీదికి వచ్చిన కింజాల్‌ను ఉక్రెయిన్ పేట్రియాట్ క్షిపణితో కూల్చివేసింది. అమెరికా కూడా దీనిని ధ్రువపరచింది.

కనుక ఇటువంటి వార్త చూసినప్పుడు వేగం ఎంతన్నదే కాక, మంట ఎంతసేపు నిలిచింది, పరీక్ష నేలమీదనా ఆకాశంలోనా అన్నది కూడా పాఠకులు గమనించడం మంచిది.