పట్నం జబ్బులు కావండీ!

షుగరూ బీపీ కూర్చుని తినేవాళ్ళ జబ్బులనీ, పల్లెల్లో కష్టపడేవాళ్ళ జోలికి రావనీ మనలో చాలామంది నమ్మకం. అప్పటి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో చనిపోయినవారి గురించి ఇళ్ళకు వెళ్ళి విచారిస్తే, నూటికి 32 మంది గుండెజబ్బు, పక్షవాతం వంటివాటితోనే పోయారని తేలింది. అంటురోగాలతో పోయింది 12 మందే! ఆ ప్రాంతపు పల్లెల్లోనే 30 ఏళ్ళు దాటినవారిని పరీక్షిస్తే, నూటికి 13 మందికి షుగరుందని 2006లో ప్రకటించారు.

బీపీ అయితే చాలామందికి పైకి తెలియనే తెలియదు. 140/90 దాటినా మనిషి పొలం వెళ్ళొస్తూనే ఉంటాడు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కూడా ఆ లెక్కలోవే. (ఊరమిరపకాయ లేనిదే మా ఇంట్లో పెరుగన్నం దిగదు, అది వేరే సంగతి!) ఇంట్లో మగవారిని పరీక్షకు తీసుకెళ్ళి మనం బల్లమీద కూర్చుంటాం చూడండి, ఆ పూటే మనమూ చెయ్యి చాచి చూపించుకుందాం.