గొడుగు తుంగ: పెరటికి సరే, పొలానికి వద్దు

తుంగ పేరు చెబితే ఏ రైతు ముఖమూ విప్పారదు. వరి చేలో, కూరగాయల మడిలో, అరటి తోటలో ఎన్నిసార్లు పీకినా మళ్లీ తలెత్తే కలుపు అది. పైన ఆకు చేతికొస్తుంది, లోపల గడ్డ భూమిలోనే ఉండిపోతుంది. అలాంటి తుంగకు చుట్టమైన ఒక మొక్కను పట్నం వాళ్లు డబ్బిచ్చి కొని, గుమ్మం ముందు పెట్టుకుంటున్నారంటే వింతగానే ఉంటుంది. కడియం, కడియపులంక వంటి నర్సరీ ఊళ్లలో దీన్ని 'అంబ్రెల్లా పామ్' అని పిలుస్తారు. మనం గొడుగు తుంగ అనుకుందాం.

నూతి దగ్గరో, కుళాయి దగ్గరో ఎప్పుడూ తడిగా ఉండే జాగా ప్రతి ఇంటి పెరట్లోనూ కొంత ఉంటుంది. ఏ కూరగాయ మొక్క వేసినా అక్కడ వేరు కుళ్లి పోతుంది. అలాంటి చోటే ఈ మొక్కకు ఇష్టం. పెట్టుబడి దాదాపు లేకుండా నాలుగు రూపాయలు చేతికి రావచ్చు. అయితే దీన్ని నమ్ముకుని పొలంలో వేయాలనుకుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఎందుకో చివర చూద్దాం.

ఇది ఎలాంటి మొక్క?

పేరులో పామ్ ఉన్నా తాటి, కొబ్బరి చెట్లతో దీనికి సంబంధం లేదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా ఖండం, మడగాస్కర్ దీవి. శాస్త్రవేత్తలు సైపరస్ అనే ప్రజాతిలో చేర్చారు. మన చేలల్లోని తుంగ, పూర్వం ఈజిప్టు దేశంలో నైలు నది ఒడ్డున కాగితంలా వాడిన పపైరస్ కూడా ఈ ప్రజాతివే.

గడ్డికీ తుంగకీ తేడా చేత్తోనే తెలుసుకోవచ్చు. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులు ఉంటాయి. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే పలకలు తగులుతాయి, కణుపులు ఉండవు. గొడుగు తుంగలో దుబ్బు నుంచి కాడలు నిటారుగా లేచి, ఒక్కో కాడ చివర సన్నని పచ్చని రేకులు గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుంటాయి. నేల బాగుంటే మూడు నుంచి ఐదడుగుల ఎత్తు వస్తుంది. కుండీలకు సరిపోయే పొట్టి రకం ఉంది. తెల్లని చారలున్న రకం కూడా ఉంది.

కలుపు తుంగకు ఉన్నట్టు దీనికి గొలుసుకట్టు గడ్డలు ఉండవు. పొట్టిగా, గట్టిగా ఉండే దుంప వేరుతో దుబ్బు కడుతుంది. కాబట్టి పెరట్లో వేస్తే కలుపు తుంగలా గడ్డలతో ఇల్లంతా పాకుతుందన్న భయం అక్కర్లేదు. అయితే గింజ రాలి తడి నేలలో మొలుస్తుంది. ఆ సంగతి మరచిపోకూడదు.

గొడుగును తలకిందులు చేస్తే మొక్క

ఈ మొక్కను పెంచే పద్ధతి చూస్తే పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది. ముదిరిన, తెగులు లేని గొడుగును ఎంచుకోవాలి. గొడుగు కింద రెండంగుళాల కాడ ఉండేలా కోయాలి. రేకులను కత్తెరతో సగానికి కత్తిరించాలి. దాన్ని తలకిందులుగా, అంటే కాడ పైకీ రేకులు కిందికీ వచ్చేలా, వెడల్పాటి గిన్నెలోని నీళ్లలో వదలాలి. ఎండ నేరుగా తగలని చోట ఉంచి, మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. రెండు మూడు వారాల్లో రేకుల మొదట్లోంచి తెల్లని వేళ్లు, పచ్చని పిలకలు వస్తాయి. పిలక నాలుగంగుళాలు పెరిగాక విడదీసి సంచిలో నాటుకోవచ్చు.

నీళ్లు వద్దనుకుంటే తడి ఇసుకలోనూ పెట్టవచ్చు. అప్పుడు గొడుగును నిటారుగానే ఉంచి, కాడను ఇసుకలో గుచ్చి, రేకుల మొదలు ఇసుకను తాకేలా అదమాలి. ఇసుక ఒక్కరోజు కూడా ఆరకూడదు.

రెండో పద్ధతి దుబ్బు విడదీయడం. తొలకరి పడ్డాక దుబ్బును గునపంతో పెకలించి, పదునైన కత్తితో ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ కొంత వేరు, రెండు మూడు లేత మొలకలు ఉండాలి. పాత కాడలను సగానికి కోసి నాటితే త్వరగా నిలదొక్కుకుంటుంది. చారల రకానికి ఈ పద్ధతే నమ్మకమైనది. చారల దుబ్బులో అక్కడక్కడ పూర్తి పచ్చ కాడలు వస్తుంటాయి. వాటిని మొదట్లోనే తీసేయాలి. ఉంచితే అవే బలిసి, చారల కాడలను మింగేస్తాయి.

మట్టి, నీరు, ఎండ

చెరువు మట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపితే చాలు. పచ్చి పేడ వేయకూడదు. మామూలు కుండీ మొక్కలకు నీరు నిలిస్తే చేటు, దీనికి మాత్రం నీరు తగ్గితే చేటు. కుండీ కింద పళ్లెం పెట్టి రెండంగుళాల నీరు ఉంచాలి. లేదా అడుగున చిల్లు లేని తొట్టిలోనే నాటుకోవాలి.

ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ తగిలే చోటు మేలు. నీరు దండిగా ఉంటే పూర్తి ఎండకు కూడా తట్టుకుంటుంది. చిక్కటి నీడలో కాడలు సన్నబడి వంగిపోతాయి. అలాంటి మొక్కను ఎవరూ కొనరు.

రేకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతుంటే తెగులని మందు కొట్టవద్దు. ముందు నీరు చూసుకోండి. నీరు ఆరడం, వేడి గాలి, ఉప్పు నీటి బోరు, మోతాదు మించిన రసాయనిక ఎరువు, వీటిలో ఏదో ఒకటి కారణం అవుతుంది. ఉప్పు నీరు తప్పనిసరైతే వాన నీటితో అప్పుడప్పుడు కుండీ మట్టిని కడగాలి. పండిన కాడలను మొదలంటా కోస్తే కొత్తవి వస్తాయి. దుబ్బు బాగా పాతబడితే ఏడాదికోసారి మొత్తం కోసినా మళ్లీ చిగురిస్తుంది.

పిండినల్లి, పేనుబంక, ఎర్రనల్లి అప్పుడప్పుడు కనిపిస్తాయి. నాలుగైదు కుండీలే అయితే జోరుగా నీళ్లు కొట్టి కడగడం, పట్టిన కాడ కోసి తగలబెట్టడం సరిపోతుంది. తగ్గకపోతే వేపనూనెను సబ్బు నీటితో కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. వరిలో తుంగ జాతి కలుపును చంపే మందులు చల్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ తుంపర గాలికి వచ్చి పడితే ఇదీ మాడిపోతుంది. మందుకు మంచి తుంగ, చెడ్డ తుంగ అన్న తేడా తెలియదు.

గోదావరి డెల్టాలో మరో ఇబ్బంది ఉంది. వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్లోనే దీనికి నీరు ఎక్కువ కావాలి. కాలువ నీరు నమ్ముకుని ఎక్కువ మొక్కలు పెంచినవారు అప్పుడు ఇబ్బంది పడతారు. ఆ రోజుల్లో ఇంటి నీటితో ఎన్ని కుండీలు బతికించగలమో, అన్నే పెంచాలి.

దోమను పెంచవద్దు

పళ్లెంలో నిలిచిన నీరు దోమలకు పుట్టిల్లు. డెంగ్యూ తెచ్చే దోమ ఇలాంటి కాస్త నీటిలోనే గుడ్లు పెడుతుంది. అందుకే వారానికోసారి పళ్లెం నీరు పారబోసి, లోపల గట్టిగా రుద్ది కడగాలి. ఇంకో ఉపాయం, పళ్లెం నిండా సన్న కంకర పోసి, నీటి మట్టం కంకర పైకి రాకుండా చూడటం. వేరుకు తడి అందుతుంది, దోమకు నీరు కనిపించదు. పెద్ద తొట్టి అయితే దోమ పిల్లలను తినే గంబూషియా లేదా గప్పీ చేపలు వదలవచ్చు.

వాడుక నీటికి ఒక దారి

అంట్లు తోమిన నీరు, స్నానాల నీరు వీధిలోకి వదిలి, ఆ బురద మీద పక్కింటివారితో మాటలు పడేకన్నా పెరట్లోనే ఒక కంకర మడి కట్టుకోవచ్చు. ముందు చిన్న గుంత తవ్వి, జిడ్డు, మెతుకులు అందులో ఆగేలా చూడాలి. అక్కడి నుంచి నీరు రెండడుగుల లోతు కంకర మడిలోకి పోవాలి. ఆ కంకరలో ఈ తుంగ నాటాలి. వేళ్ల మీద, కంకర మీద పెరిగే సూక్ష్మజీవులు మురికిని విడగొడతాయి. నత్రజని, భాస్వరంలో కొంత మొక్క పీల్చుకుంటుంది. ఇలాంటి మడుల్లో తుంగ జాతి మొక్కలను చాలా దేశాల్లో వాడుతున్నారు.

అలా వచ్చిన నీరు తాగడానికి, అంట్లకు పనికిరాదు. కొబ్బరి, అరటి మొదళ్లకు పారించుకోవచ్చు. పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. మరుగుదొడ్డి నీరు ఇందులో కలపకూడదు. మంచినీటి నూతికి, బోరుకు దూరంగా మడి కట్టుకోవాలి.

అమ్మకం లెక్క

ఇక అసలు సంగతి. ఒక ముదురు దుబ్బులో 20 గొడుగులు ఉన్నాయనుకుందాం. అందులో 10 కోసి, ఒక్కోదాని నుంచి రెండే మొక్కలు నిలిచినా 20 మొక్కలు. వచ్చే ఏడు ఆ ఇరవై నుంచి ఎన్ని వస్తాయో లెక్క వేస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇక్కడే ఆగాలి. మీకు ఇంత తేలికగా వచ్చేది పక్కవాడికీ అంతే తేలికగా వస్తుంది. కొన్నవాడు కూడా ఒక గొడుగు కోసి గిన్నెలో పెట్టుకుంటే రెండో మొక్క కోసం మీ దగ్గరకు రాడు. తేలికగా పెరిగే మొక్కకు ధర ఎక్కువ కాలం నిలవదు.

అందుకే సంఖ్యను నమ్ముకోకూడదు. నాటకముందే ఇద్దరు ముగ్గురు నర్సరీల వారిని కలిసి, ఏ సైజు కుండీ, ఎంత ఎత్తు, నెలకు ఎన్ని కావాలో అడగాలి. సంచి, మట్టి, ఎరువు, రవాణా, ఇంట్లోవారి పని, అన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఖర్చును నాటిన మొక్కలతో కాదు, అమ్ముడైన మొక్కలతో భాగించాలి. అప్పుడే ఒక్కో మొక్క మీకు ఎంతకు పడిందో తెలుస్తుంది. బొకేలు కట్టేవారు, పందిళ్లు అలంకరించేవారు కోసిన కాడలు కొంటారేమో కూడా విచారించవచ్చు. ఈ కాడలు నీళ్లలో చాలా రోజులు వాడవు.

మొదట 10 కుండీలతో మొదలుపెట్టండి. అవి అమ్ముడయ్యాకే మరో 20. దీనికోసం అప్పు చేయవద్దు. వరి మడి చెడగొట్టవద్దు. నర్సరీగా బోర్డు పెట్టాలనుకుంటే నిబంధనలు ఏమిటో ముందు ఉద్యాన శాఖ అధికారిని అడగండి.

కాలువలో పారేయవద్దు

ఆస్ట్రేలియాలో, అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ మొక్క తోటల నుంచి తప్పించుకుని వాగుల వెంట అల్లుకుపోయింది. మన కాలువల్లో గుర్రపు డెక్క చేస్తున్న నష్టం రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. అది కూడా పూల అందం చూసి తెచ్చిన మొక్కే. కోసిన గొడుగులు, పీకిన దుబ్బులు కాలువలో, పంటబోదెలో వేస్తే తడికి వేరు పట్టి అక్కడే మొలుస్తాయి. బాగా ఎండబెట్టి తగలబెట్టండి. పూత గోధుమ రంగుకు తిరగకముందే కోసేస్తే గింజ రాలదు. పొలం గట్టున, బోదె పక్కన అసలు నాటవద్దు.

నూతి దగ్గర తడి జాగా ఉంటే రెండు దుబ్బులు వేసి చూడండి. బురద తగ్గుతుంది, పెరడు పచ్చగా ఉంటుంది, అమ్ముడైతే ఆ డబ్బు ఇంట్లో చిల్లర ఖర్చులకు వస్తుంది. అమ్ముడు కాకపోయినా పోయేది నాలుగు గంపల మట్టి.