వార్తల్లో పదం: న్యుమోసిస్టిస్

రక్తక్యాన్సర్ చికిత్సకు మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలు కీమో మందులతోపాటు ఓ చవకైన మాత్ర పేరూ గుర్తుంచుకోవాలి: కోట్రైమాక్సజోల్. న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం తెచ్చే న్యుమోనియాను అడ్డుకునేది అదే. న్యుమోసిస్టిస్‌ను చాలాకాలం ఏకకణ పరాన్నజీవి అనుకున్నారు. 1988లో గానీ శిలీంధ్రమని తేలలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు. రోగనిరోధక శక్తి సన్నగిల్లిన పిల్లల్లో మాత్రం పొడిదగ్గు, జ్వరం, ఆయాసం. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతాయి. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. భయపడాల్సింది అక్కడే. జబ్బు సోకితే చికిత్సా కోట్రైమాక్సజోల్‌తోనే, పెద్ద మోతాదులో, సాధారణంగా 21 రోజులు. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకు నివారణ కోసం ఈ మందును 4-6 వారాల వయసులోనే మొదలుపెట్టి, వైరస్ సోకలేదని తేలేదాకా ఇస్తారు. మందు వాడుతుండగా ఒంటిమీద దద్దుర్లొస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.