దొరతనముపై దావా



గజపతినగరమునకు దాపున నున్న యొక పల్లెనుండి, నాకు మేనమామ వరుసయైన పెద్దాయన యొకరు ఆమధ్య మా యింటికి వచ్చిరి. ఆక్రమణయని చెప్పి వారి పశువులశాలను ఉద్యోగులు కూల్చివేసిరట. ముందుగా తాఖీదు లేదు. పట్టా వారి చేతనే యున్నది. ఇది జరిగి యెనిమిది నెలలైనది.

"ఇంతకాలమూ ఊరకుంటిరేమి మావయ్యా?" అని యడిగితిని.

"సర్కారు వారిమీద దావా చెల్లదట గదా నాయనా! మా ఊరిలో అందరిదీ అదే మాట" అనిరి.

నేను చిరకాలము వకీలుగా నుంటిని గనుక, ఈ మాట వినుట నాకు క్రొత్త కాదు. ఇందు సగము నిజము కలదు. ఆ సగము నిజమే వారి యెనిమిది నెలలను మ్రింగినది.

రాజు తప్పు చేయజాలడనుట ఇంగ్లాండు దేశపు పాతసూత్రము. మన దేశమున దానికి హద్దు గీచినది 1861లో కలకత్తాలో జరిగిన తీర్పు. కిదిర్‌పూరు ఓడల పనిశాలకడ ప్రభుత్వపు కూలీలు మోయుచున్న ఇనుపముక్కను దారిలో జారవిడువగా, ఆ చప్పుడునకు బెదరిన బండిగుఱ్ఱము గాయపడెను. గుఱ్ఱము ఒక ఓడల కంపెనీవారిది. సామాన్యుడును చేయదగిన వ్యాపారమువంటి పనిలో తప్పు జరిగినచో ప్రభుత్వము నష్టమిచ్చుకొనవలయుననియు, రాజ్యాధికారముచేత మాత్రమే చేయదగిన పనియైనచో అక్కరలేదనియు న్యాయస్థానము వారు చెప్పిరి. మన రాజ్యాంగపు 300వ అధికరణము ఆ నాటి స్థితినే నిలిపినది.

ఈ భేదము ఎంత కఠినమో మీరటులో తేలినది. 1947 సెప్టెంబరులో పోలీసులు ఒక వర్తకుని అనుమానించి పట్టి, నూటమూడు తులాలకు పైబడిన బంగారమును స్వాధీనము చేసికొనిరి. వర్తకుడు విడుదలయ్యెను, వెండి తిరిగి వచ్చెను. బంగారము మాత్రము రాలేదు. మాల్‌ఖానా చూచు హెడ్ కానిస్టేబులు దానితో పాకిస్తానమునకు పరారియైనాడు. పోలీసుల నిర్లక్ష్యము ఋజువైనను, పట్టుటయు దాచుటయు రాజ్యాధికారపు పనులని సుప్రీంకోర్టు 1964లో దావాను త్రోసివేసెను. ఇట్టివానికి శాసనము చేయవలసినదని ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కరుగారు ఆ తీర్పులోనే హెచ్చరించిరి. మావయ్యగారి ఊరిమాటకు మూలము ఇట్టి తీర్పులే.

ఇక మన ఆంధ్రదేశపు సంగతి వినుడు. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో తండ్రియు కొడుకును రిమాండులో నుండిరి. తమకు ప్రాణభయమున్నదని ముందుగనే పోలీసువారికి తెలిపిరి. మే 5వ తేదీ రాత్రి తెల్లవారుజామున దుండగులు జైలులో చొరబడి వారి గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రి మరణించెను, కొడుకు గాయములతో బయటపడెను. కుటుంబమువారు పది లక్షల రూపాయలకు దావా వేసిరి. కాలపరిమితి దాటినదని క్రిందికోర్టు కొట్టివేసినది. హైకోర్టు ఆ యభ్యంతరమును త్రోసివేసి, 1,44,000 రూపాయలు నూటికి ఆరు వడ్డీతో ఇప్పించెను. జైలు నడపుట రాజ్యాధికారమే గదా యని ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయినది. ప్రాణమును కాపాడు ప్రాథమికహక్కు భంగమైనచోట ఆ సాకు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఖైదీయైనంతమాత్రమున మనుష్యుడు హక్కులను కోల్పోడని కూడ ఆ తీర్పున కలదు. అంతకుముందే 1994లో, మన రాష్ట్రముననే ఒక ఎరువుల వర్తకుని సరకును పట్టి పాడుచేసినందుకును ప్రభుత్వమే బాధ్యత వహింపవలసి వచ్చెను.

మావయ్యకు ఇంకొక చిక్కుముడి విప్పవలసి వచ్చినది. ఉద్యోగిపై వ్యవహారము నడపుటకు పైవారి యనుమతి కావలెనని ఎవరో చెప్పిరట. ఆ యనుమతి క్రిమినలు కేసులకు చెందినది. ఉద్యోగధర్మములో చేసిన పనికి నేరము మోపునప్పుడు అది అవసరము. 2024 జూలై నుండి అమలులోనున్న క్రొత్త చట్టము ప్రకారము, 120 దినములలో ప్రభుత్వము ఏమియు తేల్చనిచో అనుమతి యిచ్చినట్లే. నష్టపరిహారపు దావాకు దీనితో పని లేదు. సివిలు దావాకు కావలసినది వేరు: సివిలు ప్రొసీజరు కోడు 80వ సెక్షను ప్రకారము రెండు నెలల ముందు తాఖీదు. అందు వాది పేరు, నివాసము, జరిగిన హేతువు, కోరిన పరిహారము ఉండవలయును. రాష్ట్రప్రభుత్వమునకైనచో జిల్లా కలెక్టరునకు ఇచ్చినను చాలును; ఉద్యోగికైనచో అతని కచేరీలో ఇయ్యవచ్చును. తక్షణ ప్రమాదమున్నప్పుడు కోర్టువారి యనుమతితో తాఖీదు లేకయే దావా వేయవచ్చును.

ఉద్యోగి స్వయముగా తప్పించుకొనుట కూడ కద్దు. సద్భావముతో చేసిన పనికి రక్ష యిచ్చు వాక్యము పెక్కు చట్టములలో కలదు. న్యాయాధికారులకైతే 1850 నాటి చట్టమే కలదు. కాని పట్టా చూడకయే, తాఖీదు లేకయే కూల్చినవాడు సద్భావమని చెప్పుకొనుట అంత సులభము కాదని నా యభిప్రాయము.

అన్నిటికంటె నాకు భయము కలిగించినది కాలము. చట్టము ప్రకారము చేసితినని ఉద్యోగి చెప్పుకొను పనికి పరిహారము కోరు దావాను ఒక్క సంవత్సరములోనే వేయవలయును. తాఖీదు గడువు రెండు నెలలు అందులో లెక్కకు రావు. అయినను కాలము కొద్దిగనే మిగిలినది.

మావయ్య ఆ సాయంకాలమే తాఖీదు వ్రాయించుకొని, మరునాడు కలెక్టరు కచేరీలో ఇచ్చి, అందినట్లు ముద్రవేసిన నకలు తెచ్చి నాకు చూపిరి. రెండు నెలలు నిండుటకు ఇంకను పందొమ్మిది దినములున్నవి.