పక్కకు తిరిగిన కటకం

ఫోను మందం ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు. దూరపు దృశ్యాన్ని దగ్గరకు లాగే కటకానికి దాదాపు పదహారు కావాలి. ఫోన్లలో జూమ్ కథంతా ఈ పేచీ చుట్టూనే తిరిగింది.

ప్రకటనల్లో కనిపించే 13, 24, 120 మిల్లీమీటర్లు కటకాల అసలు కొలతలు కావు. 36×24 మిల్లీమీటర్ల పాత ఫిల్ము మీద అంతే దృశ్యం పట్టాలంటే ఎంత నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) కావాలో చెప్పే అంకెలవి. 2023 నాటి ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌లో వీటి అసలు నాభ్యంతరాలు వరుసగా సుమారు 2.2, 6.8, 15.7 మిల్లీమీటర్లు. సెన్సర్లు చిన్నవి కాబట్టే ఇంత బుల్లి కటకాలతో పని జరుగుతోంది.

2013లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 జూమ్ మొండిగా మామూలు కెమెరా కటకాన్నే ఫోను వీపుకు తగిలించింది. అది జేబులో పట్టే వస్తువులా లేదు. 2016లో ఐఫోన్ 7 ప్లస్ కటకాన్ని ముందుకూ వెనక్కూ కదిలించే బదులు 28, 56 మిల్లీమీటర్లవి రెండు పక్కపక్కన పెట్టింది. రెండు రెట్ల దగ్గర ఆగిపోయింది.

దారి అప్పటికే ఉంది. 2002లో మినోల్టా డిమాజ్ ఎక్స్ అనే చిన్న కెమెరా కాంతిని లోపలే మలుపు తిప్పి, కటకాలను నిలువునా పేర్చుకుంది. 2019లో హువావే పీ30 ప్రో అదే ఉపాయంతో 125 మిల్లీమీటర్లకు చేరింది. కిటికీ వెనక పట్టకం కాంతిని 90 డిగ్రీలు తిప్పుతుంది; అక్కణ్నుంచి కటకాల వరుస ఫోను ఒంటి వెంట పడుకుని ఉంటుంది. విశాఖ బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి పెరిస్కోపును అడ్డంగా పడుకోబెడితే ఇదే.

ఇక అంకెల పోటీ మొదలైంది. 2020లో గెలాక్సీ ఎస్20 అల్ట్రా వీపు మీద ఏకంగా వంద రెట్లని అచ్చేసుకుంది. అందులో సింహభాగం సాఫ్ట్‌వేర్ సాగదీతే. మరుసటేడు ఎస్21 అల్ట్రా నిజంగానే 10 రెట్ల కటకం, 240 మిల్లీమీటర్లది, తెచ్చింది. కానీ దాని అపెర్చర్ ఎఫ్/4.9; ఈ అంకె పెరిగేకొద్దీ అందే వెలుగు తగ్గుతుంది. ఎస్23 అల్ట్రా దాకా అదే నడిచింది. ఆ ఫోను ప్రధాన కటకం ఎఫ్/1.7 కాబట్టి, సెన్సర్ మీద ఒకే వైశాల్యంలో చూస్తే టెలిఫోటోకు, అంటే ఈ దూరపు కటకానికి, అందే వెలుగు ఎనిమిదో వంతు. పైగా సెన్సరూ చిన్నదే. పగలు బాగానే ఉండేది, పొద్దుగూకితే బొమ్మంతా గరుకు.

2024లో ఎస్24 అల్ట్రా 5 రెట్లకు దిగింది. వెనకడుగని కొందరు గోల చేశారు. నాకైతే బుద్ధి వచ్చిందనిపించింది. కటకం ఎఫ్/3.4, సెన్సర్ పెద్దది, 50 మెగాపిక్సెళ్లది. దాని నడిమధ్య పావు వంతు కత్తిరిస్తే 10 రెట్ల బొమ్మ 12 మెగాపిక్సెళ్లలో వస్తుంది.

దుకాణంలో ఫోను చూసేటప్పుడు ఒక పని చేయండి. 5 రెట్లు నొక్కి, దగ్గర్లో ఉన్న వస్తువు మీద గురిపెట్టి, టెలిఫోటో కిటికీని వేలితో మూయండి. తెర నల్లబడకపోతే ఆ బొమ్మ ప్రధాన కెమెరాది. టెలిఫోటో మరీ దగ్గరివాటి మీద కుదురుకోలేదు, చీకట్లో తడబడుతుంది. అప్పుడు చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా కెమెరా మార్చేసి, కత్తిరించిన బొమ్మ చూపిస్తాయి. తెర మీద మాత్రం 5 అనే ఉంటుంది.